పొడుగు ట్రంకులు అమ్మడం ఎందుకు ఆపామంటే

సైకిలు మీద ఆఫీసుకు వెళ్లేవాళ్ల కోసం మేం కుట్టించే పొడుగు ట్రంకులు, అంటే తొడల మీదికి వచ్చే పొడుగు కాళ్ల డ్రాయర్లు, ప్రస్తుతానికి ఎవరికీ ఇవ్వడం లేదు. ఏ రంగూ లేదు, ఏ సైజూ లేదు. అద్దాల అల్మరాలో డబ్బాలు వరసగా కనబడుతుంటే "స్టాకు లేదు" అని అబద్ధం ఆడటం మాకు చేతకాదు. స్టాకు ఉంది. అమ్మబుద్ధి కావడం లేదు. ఏళ్ల తరబడి అదే మోడలు అడిగి మరీ కొనుక్కెళ్తున్నవాళ్లకు కారణం సగం సగం చెప్పి పంపడం మర్యాద కాదు గనుక మొత్తం రాస్తున్నాం.

తిరుప్పూర్‌లో మాకు కుట్టిచ్చే యూనిట్ ఈసారి పంపిన లాటులో కుట్టు మార్చేసింది. చెప్పకుండా మార్చింది. గుడ్డ అదే: 95 శాతం నూలు, 5 శాతం స్పాండెక్స్ (సాగే దారం), 180 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకు 180 గ్రాములు. నడుము ఎలాస్టిక్ అదే, డబ్బా అదే, లేబుల్ అదే. తొడ లోపలివైపు చదునుగా పరిచినట్టుండే ఫ్లాట్‌లాక్ కుట్టు ఉండాల్సిన చోట, అంచులు గట్టులా లేచే ఓవర్‌లాక్ కుట్టు వేశారు. రెండు కాళ్ల మధ్య డైమండ్ ఆకారంలో వచ్చే గసెట్ ముక్కను ఎత్తేసి, నాలుగు కుట్లనూ తెచ్చి ఒక్కచోట కలిపేశారు. ఇదేమిటని అడిగితే, "చూడ్డానికి ఒకేలా ఉంది కదా సార్, కస్టమర్‌కి ఏం తెలుస్తుంది?" అన్నారు.

కస్టమర్‌కి తెలుస్తుంది. ఇంటి దగ్గర తొడుక్కున్నప్పుడు తెలియకపోవచ్చు, ఆరో కిలోమీటరు దగ్గర తెలుస్తుంది.

బనీను గుడ్డను ఓవర్‌లాక్ మీద కుడితే రెండు అంచులూ కలిసి లోపలివైపు దాదాపు అర సెంటీమీటరు గట్టుగా నిలబడతాయి. దాని చుట్టూ దారం అల్లుకుంటుంది. నడిచేటప్పుడు ఆ గట్టు ఒక పక్కకు పడుకుని ఉంటుంది కాబట్టి పట్టించుకోం. తొక్కేటప్పుడు అలా కాదు. పెడలు నిమిషానికి 65 సార్లు తిరిగినా, అరగంటలో ఒక్కో తొడ సీటు పక్కన దాదాపు రెండు వేల సార్లు ఒరుసుకుంటుంది. గట్టు ఇటొకసారి అటొకసారి మడత పడుతూనే ఉంటుంది. చెమట పట్టాక ఇంకా కష్టం: తడిసిన చర్మం మీద గుడ్డ జారదు, పట్టుకుంటుంది, చెమట ఆరిన చోట ఉప్పు మిగులుతుంది. ముందు ఎర్రటి గీత, ఆ తర్వాత మంట. మర్నాడు స్నానానికి నీళ్లు పోసుకోగానే ఎక్కడ ఒరుసుకుందో కచ్చితంగా చెప్పగలుగుతారు.

ఫ్లాట్‌లాక్ మిషన్ అంచుల్ని కొద్దిగా ఒకదాని మీదికి ఒకటి ఎక్కించి, మిగిలింది కత్తిరిస్తూ, నాలుగు సూదులు ఆరు దారాలతో పరిచినట్టు కుడుతుంది. బొటనవేలితో రాస్తే కుట్టు తగులుతుంది, గట్టు తగలదు. దారం కూడా ఏదంటే అది పనికిరాదు. కింద చర్మానికి తగిలేవైపు మెత్తగా ఉబ్బి ఉండే టెక్స్చర్డ్ పాలిస్టర్ దారం వేయాలి. మామూలు కుట్టు దారం వేస్తే కుట్టు చదునుగా ఉన్నా గరుకు పోదు. ఇక గసెట్. నాలుగు కుట్లు కలిసేచోట పొరలన్నీ పోగై బఠాణీ గింజంత ముడి తయారవుతుంది. అది సరిగ్గా సీటు మీద ఆనే చోటుకే వస్తుంది. డైమండ్ ముక్క వేస్తే కుట్లు పక్కలకు జరిగిపోతాయి, మధ్యలో ఉత్త గుడ్డే ఉంటుంది. మోకాలు పైకి లేచినప్పుడు గుడ్డ కిందికి లాగదు కూడా.

యూనిట్ వాళ్ల ఇబ్బంది తెలియనిదేం కాదు. ఫ్లాట్‌లాక్ మీద చెయ్యి తిరిగిన ఆపరేటర్లు తక్కువ. అంచులు చాలినంత ఎక్కకపోతే కుట్టు మధ్యలో నోరు తెరుస్తుంది, ఆ పీసు మొత్తం పోయినట్టే. దారం ఎక్కువ పడుతుంది. గసెట్ అంటే కటింగులో ఇంకో ముక్క, ఇంకాస్త గుడ్డ వృథా, అదనపు కుట్లు. రేటు పెంచమంటే కూర్చుని మాట్లాడుకునేవాళ్లం, ఇంతకుముందు రెండుసార్లు పెంచాం కూడా. రేటు అడగకుండా గసెట్ ఎత్తేశారు. అసలు మా ట్రంకుకు ఉన్న పేరంతా ఆ ముక్కదే. అదే తీసేసి మా లేబుల్ అంటించి పంపారు చూడండి, అక్కడ కాలింది.

తర్వాత వాళ్లు ఇచ్చిన సలహా మీకు తెలియాలి. పీసుకు కొంత తగ్గిస్తాం, మీరు "డైలీ వేర్" అని రాసి సగం ధరకు అమ్మేయండి అన్నారు. నిజం చెప్పాలంటే ఈ ఒక్క విషయం మీదే ఎక్కువ నలిగాం. సరుకు చెడ్డదేం కాదు. కుర్చీలో కూర్చునేవాళ్లకు, నడిచేవాళ్లకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. పెట్టుబడి ఇరుక్కుపోయింది, సగం ధరయినా చేతికొస్తుంది. కానీ డబ్బా అదే, పీసు చూడ్డానికి అదే. అన్న కొనుక్కెళ్లింది తమ్ముడు తొడుక్కుంటాడు, తమ్ముడు సైకిలెక్కుతాడు. తొడ ఒరుసుకుపోయాక వాడు గుర్తుపెట్టుకునేది డబ్బా మీది మా పేరు. లేబుల్ కత్తిరించి గుట్టగా పోసి అమ్ముదామా అన్నది కూడా చర్చకు వచ్చింది. వద్దనుకున్నాం. సరుకు వెనక్కి తీసుకోమంటే లారీ ఖర్చు మీదే అన్నారు. సరే, మాదే. ఈ వారమే వెళ్తోంది.

ఈలోగా ఇద్దరు ముగ్గురు సేల్స్‌వాళ్లు వచ్చి "సీమ్‌లెస్" నైలాన్ ట్రంకులు పెట్టండి, ఫ్లాట్‌లాక్ గొడవే ఉండదు అన్నారు. సీమ్‌లెస్ అంటే గొట్టంలా అల్లిన గుడ్డ. పక్క కుట్లు ఉండవు, నిజమే. కాళ్ల మధ్య కుట్టు మాత్రం ఉంటుంది, అక్కడ కుట్టకుండా రెండు కాళ్లు రావు కదా. మనకు కావాల్సింది పక్కల్లో కాదు, అక్కడే. తిప్పి చూపించమంటే మూడింటిలో రెండింటికి అక్కడ ఓవర్‌లాకే. నైలాన్ నూలు కంటే త్వరగా ఆరుతుంది, అది ఒప్పుకోవాలి. పది కిలోమీటర్లు దాటి తొక్కి, ఆఫీసులో స్నానం చేసి మార్చుకునేవాళ్లకు నైలాన్, స్పాండెక్స్ కలిసిన గుడ్డే మేలని మేమే చెబుతాం. ఉదయం తొడుక్కున్నదే రాత్రి దాకా ఉంచుకునేవాళ్లకు మన వేసవిలో అది వాసన పట్టేస్తుంది.

నూలు ఎందుకు వాడుతున్నారు, చెమటకు తడుస్తుంది కదా అని అడిగేవాళ్లున్నారు. తడుస్తుంది. పొడిగా కనిపించే నూలు గుడ్డే తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టి ఉంచుతుంది. పాలిస్టర్‌లో అది అర శాతం కూడా ఉండదు. అయిదారు కిలోమీటర్ల లోపు, ట్రాఫిక్‌లో నెమ్మదిగా వెళ్లేవాళ్లకు ఆ తడి ఆఫీసు ఏసీలో త్వరగానే ఆరిపోతుంది. హైదరాబాద్‌లో కొల్లూరు నుంచి నార్సింగి వైపు, అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద వచ్చేవాళ్లకు ఎండ తప్పుతుందేమో గానీ చెమట తప్పదు. వాళ్లు ఏ గుడ్డ తొడుక్కున్నా బ్యాగులో ఇంకోటి ఉండాల్సిందే.

కొత్త లాటు వచ్చేదాకా బయట కొనుక్కోండి, మాకేం చిన్నతనం లేదు. చూసి కొనండి చాలు. పీసును లోపలివైపు తిప్పి తొడ కుట్టు మీద బొటనవేలు నడపండి. గట్టు తగిలితే అక్కడే పెట్టేయండి. కాళ్ల మధ్య రెండు వేళ్లతో నొక్కి చూడండి, ముడి ఉండకూడదు. లోపలి కాలు పొడుగు కనీసం ఆరు అంగుళాలు ఉండాలి, ఏడైతే నిశ్చింత. మూడు అంగుళాల పొట్టి ట్రంకు అంచు సరిగ్గా తొడ సీటుకు ఒరుసుకునే చోటికొచ్చి చుట్టుకుపోతుంది. అదే సైకిలు మీద ఎక్కువమందిని ఏడిపించేది. మామూలు బ్రీఫ్ అయితే ఎలాస్టిక్ గజ్జల్లోనే ఉంటుంది, ప్రతి తొక్కుకూ కోస్తుంది. ముందు ఒకటే కొనండి. ఇంటికెళ్లి ఒకసారి ఉతికి, తొడుక్కుని స్టూలు మీద కూర్చుని మోకాలు ఛాతీ వైపు లేపండి. కాలి అంచు అంగుళం కంటే పైకి జరిగినా, వెనక నడుము కిందికి దిగినా ఆ సైజు మీది కాదు.

ఆడవాళ్లకు మా దగ్గర ఎప్పుడూ ప్రత్యేకంగా మోడలు లేదు, అడుగుతూనే ఉన్నారు. బాయ్‌షార్ట్ తరహాలో, కాలి అంచుకు ఎలాస్టిక్ లేకుండా గుడ్డ మడిచి కుట్టినవి చూడండి. లోపల వేసే నూలు లైనింగు ముందువైపు అంచు ఎక్కడ ఆగిందో కూడా చూసుకోవాలి. ఆ అడ్డ కుట్టు సీటు ముక్కు మీద పడితే మిగతావన్నీ బాగున్నా లాభం లేదు. రెక్కలున్న ప్యాడ్ మడత తొడకు ఒరుసుకుంటుంది, ఆ రోజుల్లో పీరియడ్ ప్యాంటీ నయం.

ప్యాడ్ కుట్టిన సైక్లింగ్ షార్ట్స్ గురించి ఒక్క మాట: దాని కింద డ్రాయరు తొడగకూడదు. తొడిగితే కుట్లన్నీ చర్మానికీ ప్యాడ్‌కీ మధ్య ఇరుక్కుంటాయి, ప్యాడ్ పెట్టించిన డబ్బు దండగ. రోజూ ఉతకాలి. తడి ప్యాడ్ మీద సాయంత్రం దాకా కూర్చోవద్దు.

మా ట్రంకు తొడుక్కున్నా ఒరుసుకుంటోంది అని వచ్చేవాళ్లలో చాలామందికి చిక్కు సైకిలు దగ్గర ఉంటుంది, మాట దాచడం ఎందుకు. సీటు ఎత్తు ఎక్కువైతే పెడలు కిందికి వెళ్లిన ప్రతిసారీ తుంటి అటూ ఇటూ ఊగుతుంది, లోపలి తొడ సీటును గీకుతుంది. మడమ పెడలు మీద పెట్టి, పెడలు అట్టడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా రావాలి. అందలేదంటే సీటు దించండి. సీటు ముక్కు పైకి లేచి ఉండకూడదు. మెత్తటి జెల్ కవరు మొదటి రోజు హాయిగానే ఉంటుంది, తర్వాత ఎముకలు అందులో దిగబడి మధ్యభాగం ఒత్తుకుని తిమ్మిరెక్కుతుంది. జీన్స్ వేసుకుని తొక్కితే దాని కాళ్ల మధ్య కుట్ల మందం ముందు ఏ డ్రాయరూ నిలవదు.

ఒరిపిడి రెండు మూడు రోజులు తొక్కడం ఆపితే తగ్గుతుంది. తగ్గకపోగా అంచులు ఎర్రగా గుండ్రంగా పాకుతూ, దురద పెడుతుంటే అది ఒరిపిడి కాదు, తామర. మెడికల్ షాపులో దొరికే స్టెరాయిడ్ కలిసిన క్రీము రాసి మొండిగా చేసుకోవద్దు, డాక్టరుకు చూపించండి.

ఉతకడం: బోరు నీళ్లున్న ఇళ్లలో సబ్బు పూర్తిగా వదలదు, గుడ్డ బిరుసెక్కి కుట్టు కరుస్తుంది. లిక్విడ్ తక్కువ పోసి ఒకసారి ఎక్కువ జాడించండి. క్లోరిన్ బ్లీచ్ స్పాండెక్స్‌ను తినేస్తుంది. ఫ్యాబ్రిక్ కండిషనర్ నూలు మీద పూత వేసి చెమట పీల్చనివ్వదు. వానాకాలంలో సగం ఆరినది తొడుక్కోవద్దు.

ఇక లెక్కలు. ఈ లాటు పీసు మీ ఇంటికి చేరి ఉంటే, ఉతికినా, తొడుక్కున్నా, బిల్లు పోయినా తీసుకురండి. కుట్టు చూస్తే మాకు తెలిసిపోతుంది. డబ్బు కావాలంటే డబ్బు, కొత్త పీసు కావాలంటే చీటీ. మెత్తగా కుట్టిన పాత లాటు పీసులు తేవద్దు, వాటికేం కాలేదు.

కొత్త యూనిట్ ఒప్పుకుంది, శాంపిలు వచ్చింది. గసెట్ ఉంది, దారం మేం చెప్పిందే. ధర మాత్రం 380 నుంచి 440 అవుతుంది. తగ్గించడానికి ఎక్కడా కత్తెర పెట్టం. కనీస ఆర్డరు రంగుకింత అని వాళ్లు పట్టుబట్టడంతో మొదట నల్లరంగే వస్తుంది. ప్రతి కట్టలోంచి ఒక పీసు తీసి కుట్టు సాగినంతా లాగి చూస్తాం, మూడుసార్లు ఉతికి కొలుస్తాం. ఏడు అంగుళాల కాలు ఆరున్నరకు దిగితే ఆ లాటూ వెనక్కే, లారీ ఖర్చు ఎవరిదైనా సరే. దసరా లోపు అంటున్నారు. ఆ మాట వాళ్లది, మాది కాదు.

ఎక్సెల్, డబుల్ ఎక్సెల్ మొదటి విడతలో రావు. అప్పటిదాకా ఎల్ సైజుతో సర్దుకుందాం అనుకోకండి. బిగుతైన ట్రంకు కాలి అంచు పైకి చుట్టుకుపోయి మళ్లీ అదే చోట కోస్తుంది. అడిగినా ఇవ్వం.