ద్రవ వెంటిలేషన్ పాఠానికి సాయపడిన అందరికీ కృతజ్ఞతలు

గుండె ఆపరేషన్ తర్వాత ఊపిరితిత్తులు దెబ్బతిన్న రోగులను చూసుకునే ఐసీయూ నర్సులు, టెక్నీషియన్ల కోసం రాస్తున్న తెలుగు పాఠంలో ద్రవ వెంటిలేషన్ (ఊపిరితిత్తుల్లోకి ఆక్సిజన్ మోసే ద్రవం పోసి వెంటిలేటర్‌తో శ్వాస ఇచ్చే పద్ధతి) భాగం పూర్తయింది. అడగగానే సాయానికి వచ్చిన వారందరికీ మా నమస్కారాలు.

ముందుగా, ఆపరేషన్‌లో గుండె-ఊపిరితిత్తుల యంత్రం (బైపాస్) నడిపే పెర్‌ఫ్యూజనిస్టు మిత్రులకు. బైపాస్ గొట్టాలను తాకిన రక్తంలో ఇన్‌ఫ్లమేషన్ రేగడం, ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోవడం, ఎక్కించిన రక్తం, ప్లాస్మా వల్ల వచ్చే దెబ్బ: ఈ మూడింటినీ విడదీసి చెప్పింది వాళ్లే. ద్రవం సూటిగా పనిచేసేది రెండోదాని మీద.

ఊపిరితిత్తుల్లో పోసే ద్రవమైన పెర్‌ఫ్లూబ్రాన్ లెక్కలు సరిచూసిన ఫార్మకాలజీ మేడమ్ గారికి ధన్యవాదాలు. 100 మి.లీ. ద్రవంలో సుమారు 50 మి.లీ. ఆక్సిజన్ కరుగుతుంది. నీటికన్నా దాదాపు రెండింతలు బరువు కాబట్టి అడుగుకు దిగి, మూతపడ్డ గాలిగదులను తెరుస్తుంది. 60 కిలోల మనిషికి కిలోకు 10 మి.లీ. చొప్పున 600 మి.లీ., అంటే 1.15 కిలోలు. 20 చొప్పునైతే 2.3 కిలోలు! అప్పుడే కుట్లు వేసిన గుండె పక్కన ఇంత బరువు. రక్తపోటు ఎందుకు పడిపోవచ్చో విడిగా చెప్పక్కర్లేదు.

పోసే పద్ధతి రెస్పిరేటరీ థెరపిస్టు అన్నలు చెప్పిందే: వెంటిలేటర్ తీయకుండా, ట్యూబు పక్క పోర్టు నుంచి, కొద్దికొద్దిగా. తొందరపడితే శ్వాసనాళం నిండి సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) పడిపోతుంది. ద్రవం ఆవిరైపోతుంటుంది కనక మళ్లీ మళ్లీ పోయాలి, లేకపోతే తెరుచుకున్న భాగం తిరిగి మూసుకుంటుంది. కఫం ద్రవం మీద తేలి ట్యూబుకు అడ్డం పడుతుంది, సక్షన్ పెడితే ద్రవమూ వచ్చేస్తుంది. ఊపిరితిత్తికి చిరుగు ఉంటే ప్లూరాలోకి (ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొరల మధ్యకు) కారుతుందని కలిపింది సర్జన్ గారు. ద్రవంలోని బ్రోమిన్ వల్ల ఎక్స్‌రే తెల్లగా వస్తుంది, కొత్తగా చేరిన నీరు అందులో కనబడదు. ఇది రేడియాలజీ వారి మాట.

ద్రవ వెంటిలేషన్ మీద 2006లో వెలువడిన ట్రయల్‌ను పాఠం మొదట్లోనే పెట్టాలని పట్టుబట్టిన ఇంటెన్సివిస్ట్ గారికి ప్రత్యేకంగా. గుండె రోగుల కోసమే చేసింది కాదది. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు చేరి ఆక్సిజన్ అందని తీవ్ర స్థితి) ఉన్న 311 మంది పెద్దవాళ్ల మీద జరిగింది. 28 రోజుల్లో మరణాలు మామూలు వెంటిలేషన్‌లో 15 శాతం, తక్కువ డోసులో (కిలోకు 10 మి.లీ.) 26.3, ఎక్కువ డోసులో (కిలోకు 20 మి.లీ.) 19.1. గణాంకపరంగా ఆ తేడా తేల్చి చెప్పేంతది కాకపోయినా, న్యూమోథొరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), ఆక్సిజన్ పడిపోవడం, బీపీ తగ్గడం ద్రవం పోసినవాళ్లలోనే ఎక్కువ. అందుకే పెద్దవాళ్లలో ఇది వాడుకలోకి రాలేదు. ఇంత ముచ్చటైన ఫిజిక్సు మంచం దగ్గర ఓడిపోయింది.

కాబట్టి పాఠంలో ఎక్కువ పేజీలు ఇప్పుడు చేయాల్సిన పనికే ఇచ్చాం: కిలోకు 6 మి.లీ. టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకు ఇచ్చే గాలి), ప్లాటో (గాలి నిండి ఆగినప్పటి ఒత్తిడి) 30 సెం.మీ. నీటి ఒత్తిడి దాటకుండా, అవసరమైతే బోర్లా పడుకోబెట్టడం, చివరికి ఎక్మో (రక్తానికి శరీరం బయట ఆక్సిజన్ ఎక్కించే యంత్రం). ఆ కిలోలు తూకంలో వచ్చేవి కావు, ఎత్తును బట్టి లెక్కగట్టేవి. 165 సెం.మీ. మగవారికి 61.5 కిలోలు, అంటే సుమారు 370 మి.లీ. ఆపరేషన్‌కు ముందే ఎత్తు కొలిచి కేస్‌షీట్ మొదటి పేజీలో రాయమన్న నర్సు అక్కల సూచనను అలాగే చేర్చాం.