జాగ్రత్తలన్నీ అమ్మాయిలకేనా?

ఎడిటర్ గారికి,

పోయిన ఆదివారం మీ ఫ్యామిలీ పేజీలో టీనేజ్ పిల్లలు, ప్రేమ, సెక్స్ నిర్ణయాలు అంటూ వచ్చిన వ్యాసం చదివి పోన్లే అని ఊరుకుందామనుకున్నా, నా వల్ల కాలేదు. అమ్మాయిలు మనసుతో ఆలోచిస్తారట, అబ్బాయిలు లాజిక్‌తో ఆలోచిస్తారట, అందుకని జాగ్రత్తలన్నీ అమ్మాయిలకే చెప్పాలట. పక్కన రంగుల బాక్సొకటి, అందులో అమ్మాయిలకి పది పాయింట్లు, అబ్బాయిలకి చదువు మీద దృష్టి పెట్టమని ఒక్కటంటే ఒక్కటి. అంత లాజిక్ ఉన్నవాళ్ళకి ఇంకేం చెప్తాంలెండి.

సైన్సే చెప్పింది అని రాశారు, ఏ సైన్సు సార్? ఏది తప్పు ఏది ఒప్పు అని మనుషులు ఆలోచించే తీరుకి కింది నుంచి పైకి మెట్లు కట్టిన అమెరికా మనస్తత్వవేత్త కోల్‌బర్గ్ 1958లో అడిగింది 72 మంది మగపిల్లల్ని, ఆడపిల్ల ఒక్కతీ లేదు. ఆ కొలతతోనే ఆడవాళ్ళు ఓ మెట్టు కింద ఆగిపోతున్నారని తేల్చేస్తుంటే, ఆయనతో కలిసి పనిచేసిన కారల్ గిల్లిగనే 1982లో ఇదేం పద్ధతి అని నిలదీసింది. అబార్షన్ చేయించుకోవాలా వద్దా అని నలిగిపోతున్న 29 మందితో మాట్లాడిందావిడ, అందులో 15 ఏళ్ళ పిల్లలు కూడా ఉన్నారు. ఎవరికి దెబ్బ తగులుతుంది, నా గురించి నేను చూసుకుంటే స్వార్థమా అని వాళ్ళు పడే మథనం కూడా ఆలోచనే, తక్కువ రకం కాదు అంది. మీ వ్యాసకర్త అందులో సగం ముక్క పట్టుకుని తలకిందులు చేశారు. పైగా 2000లో జాఫీ, హైడ్ అనే ఇద్దరు పరిశోధకులు వందకి పైగా అధ్యయనాలు కలిపి చూస్తే ఈ ఆలోచనా తీరులో ఆడ మగ తేడా తేలింది చాలా కొంచెం. అది రాస్తే హెడ్డింగ్ పండదు కదా.

1971లో ఈ కోల్‌బర్గ్, గిల్లిగన్ వాళ్ళే హైస్కూల్ పిల్లల్ని సెక్స్ విషయాల్లో ఏది తప్పు ఏది ఒప్పు అని అడిగితే, మిగతా విషయాల్లో బాగా ఆలోచించే పిల్లలే ఇక్కడ కింది మెట్టులో తేలారు. తేలరా మరి, ఇంట్లో ఎవరైనా వాళ్ళతో ఈ మాట ఎత్తితే కదా.

మా అమ్మాయి స్కూల్లో కౌన్సెలింగ్ అన్నారు. అబ్బాయిల్ని గ్రౌండ్‌కి తోలేసి, అమ్మాయిల్ని హాల్లో కూర్చోబెట్టి తలుపులేసి, ఒక మేడమ్ వచ్చి పరువు, కుటుంబం, భవిష్యత్తు అని గంటసేపు వాయించింది. ఒక పిల్ల లేచి "మేడమ్, వద్దన్నా అవతలోడు వినకపోతే?" అని అడిగితే "అంతదాకా ఎందుకు తెచ్చుకుంటావ్, కూర్చో" అంది. జవాబు చెప్పాల్సినవాళ్ళు అప్పుడు బయట బంతాట ఆడుకుంటున్నారు.

ఇక అధికారులు. ఇవన్నీ చెప్తే పిల్లలు చెడిపోతారని ఫైలు పక్కన పడేస్తారు, ఏదైనా జరిగితే మాత్రం ఆ పిల్ల ఫోన్లు, బట్టలు, స్నేహాలు అన్నీ ఆరా తీస్తారు. లైంగిక విద్య చెప్తే పిల్లలేం తొందరపడరని యునెస్కో 2018 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసుంది, చదివే ఓపిక ఎవరికుంది. ఒకప్పుడు ఇలాంటి వ్యాసం వేసేముందు పేపరాఫీసులో ఒకరైనా తిరగేసి చూసేవారు, ఇప్పుడు వచ్చింది వచ్చినట్టు అచ్చేస్తున్నారు.

లేఖ పొడుగైందని తెలుసు. కత్తిరించాల్సి వస్తే నా తిట్లు తీసేయండి, ఆ పిల్ల అడిగిన ప్రశ్న మాత్రం ఉంచండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు