డీఎంహెచ్‌ఓ గారికి బహిరంగ లేఖ: జ్వరమొస్తే ఒంటిమీద మచ్చ కూడా వెతకమనండి

అయ్యా,

మా పల్లెల్లో జ్వరమంటే చాలు, వైడాల్ పరీక్ష రాసి, టైఫాయిడ్ అని సెఫ్‌ట్రియాక్సోన్ ఎక్కిస్తున్నారు. అది స్క్రబ్ టైఫస్ (పొదల్లోని పురుగు కుడితే వచ్చే జ్వరం) అయితే ఆ మందు పనిచేయదు. మా బాబాయికి వారం రోజులు అదే జరిగింది. చివరికి పెద్దాసుపత్రిలో నర్సమ్మ పంచె పక్కకు జరిపి చూస్తే, గజ్జల్లో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు! నొప్పి లేదు, దురద లేదు, అందుకే ఆయనా చెప్పలేదు. డాక్సీసైక్లిన్ వేశాక రెండు రోజుల్లో జ్వరం దిగింది.

పొదల్లో, గడ్డిలో ఉండే మైట్ అనే పురుగు పిల్ల కుడితే 6 నుంచి 21 రోజుల్లో ఈ జ్వరం మొదలవుతుంది. మనిషి నుంచి మనిషికి అంటదు. ముదిరితే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతింటాయి. పురుగు కుట్టిన చోట పడే ఈ మచ్చ రోగులందరిలోనూ కనపడదు, ఐజీఎం ఎలైజా అనే రక్తపరీక్ష కూడా మొదటి రోజుల్లో నెగెటివ్ రావచ్చు. కాబట్టి అనుమానం రాగానే, రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టమని మీ డాక్టర్లకు చెప్పండి.

ప్రతి పీహెచ్‌సీలో డాక్సీసైక్లిన్ ఉంచండి. తగ్గని జ్వరాలకు రక్త నమూనాలు జిల్లా ల్యాబుకు పంపించండి. ఆడవాళ్లకు చంకల్లో, రొమ్ముల కింద కూడా ఈ మచ్చ వస్తుంది. ఏఎన్‌ఎం చాటుగా చూసేందుకు ఒక తెర కట్టించండి. కోతలు మొదలవకముందే ఈ పని జరగాలి.

ఇట్లు,
ఒక రైతుబిడ్డ