కొత్త బండిలో ఆ టక్‌టక్ ఎక్కడిదంటే

విజయవాడ,
ఆదివారం

ప్రియమైన రఘూ,

మొన్న ఫోనులో "కొత్త బండికి ఈ చప్పుళ్లేమిటిరా" అని నువ్వు బాధపడినప్పటి నుంచి, మా బండితో 8 నెలలుగా నేను పడ్డ తంటా అంతా నీకు వివరంగా రాయాలని ఉంది. దసరాకు కొన్న మా ఏడు సీట్ల బండి 7,000 కిలోమీటర్లు కూడా తిరగకముందే ముందువైపు నుంచి టక్‌టక్‌మనడం మొదలుపెట్టింది. 15, 20 కిలోమీటర్ల వేగంతో గతుకుల మీద వెళ్లేటప్పుడు మాత్రమే వినిపించేది, హైవే ఎక్కితే మాయమయ్యేది. ముందు సీటులో కూర్చునే అమ్మ, పాదం కింద ఎవరో వేలితో తడుతున్నట్టుందని మొదటి రోజే చెప్పింది.

మొదట బండి లోపలే వెతికాను. డిక్కీలో జాకీ వదులుగా ఉంటే గుడ్డ చుట్టి బిగించాను. వెనుక వరుస బెల్టు బకిల్ పక్కనున్న ప్లాస్టిక్‌కు కొట్టుకుంటుంటే సర్దాను. చిన్నచిన్న చప్పుళ్లు పోయాయి గానీ అసలుది అలాగే ఉంది. సర్వీస్ సెంటర్‌కు మూడుసార్లు తీసుకెళ్లాను. మూడుసార్లూ వాళ్లు ఎదురుగా ఉన్న నున్నటి రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి, "చప్పుడు వినిపించలేదు" అని జాబ్ కార్డు మీద రాసి తాళాలు చేతికిచ్చారు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి, స్టీరింగ్ దగ్గరో చక్రం దగ్గరో ఏది ఊడుతుందో తెలియకుండా పిల్లలను కూర్చోబెట్టుకుని తిరగాలంటే నాకు నిజంగా భయం వేసింది.

దారి చూపింది మా వీధిలోని రోడ్డే. డ్రైనేజీ పైపు కోసం ఎడమ పక్కన తవ్వి సరిగ్గా పూడ్చకుండా వదిలేసిన చోట ప్రతిసారీ టక్‌మనేది. దానికి పది అడుగుల అవతల రోడ్డంతటికీ అడ్డంగా వేసిన స్పీడ్ బ్రేకర్ మీద మాత్రం చడీ చప్పుడూ ఉండేది కాదు. షాక్ అబ్జార్బరే పాడై ఉంటే ఆ స్పీడ్ బ్రేకర్ మీద కూడా ఏదో ఒక చప్పుడు రావాలి కదా అనిపించి, ఆటోనగర్‌లో మనం కాలేజీ రోజుల నుంచీ ఎరిగిన మెకానిక్ దగ్గరికి వెళ్లాను. వారంటీకి ఇబ్బంది రాకూడదని ఆయన ఒక్క బోల్టు కూడా విప్పలేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పించి, ఇంజిన్ ఆపించి, ఎడమ చక్రం వెనుక ఉన్న సన్నని కడ్డీ కీలు మీద నా వేళ్లు ఆనించమని, తాను బండిని అటూ ఇటూ ఊపాడు. ప్రతి ఊపుకూ నా వేళ్ల కింద ఆ కీలు చిన్నగా కొట్టుకుంది, రఘూ! కుడివైపు కీలు మాత్రం కదలకుండా బిగుతుగా ఉంది.

దాన్ని స్టెబిలైజర్ లింక్ అంటారు. మలుపుల్లో బండి ఒరిగిపోకుండా రెండు ముందు చక్రాలనూ కలిపే స్టెబిలైజర్ బార్ ఒకటి ఉంటుంది. దాని చివరలను చక్రాల వైపు పట్టి ఉంచేవి ఈ లింకులు. రెండు చక్రాలూ ఒకేసారి లేచినప్పుడు బార్ ఊరికే పైకి తిరుగుతుంది కాబట్టి లింకు మీద పెద్దగా బరువు పడదు. ఒక్క చక్రమే లేచినప్పుడు బార్ మెలితిరిగి లింకును లాగుతుంది, కీలు వదులైతే అప్పుడే టక్‌మంటుంది. తవ్విన గోతి దగ్గర వినిపించి, స్పీడ్ బ్రేకర్ మీద వినిపించకపోవడానికి కారణం ఇదే.

నాలుగోసారి సర్వీస్ సెంటర్‌కు వెళ్లినప్పుడు "చప్పుడు వస్తోంది" అని ఊరుకోకుండా, ఏ వేగంలో, ఏ పక్క, ఎలాంటి గతుకు మీద వస్తుందో జాబ్ కార్డులో నా మాటల్లోనే రాయించి, ఫోర్‌మన్‌ను అమ్మ కూర్చునే సీటులో కూర్చోబెట్టి మా వీధికే తీసుకొచ్చాను. గోతి దాటగానే ఆయన కింద తన పాదం వైపు చూశారు. మర్నాడు వారంటీ కింద రెండు లింకులూ మార్చారు.

నీ బండి సంగతికి వస్తే, ఉదయం మొదటిసారి బ్రేకు వేసినప్పుడు వచ్చే కీచుకు కంగారు పడకు. విశాఖ సముద్రపు గాలికి రాత్రంతా బయట నిలబెట్టిన బండి డిస్కుల మీద పలచగా తుప్పు పడుతుంది, నాలుగైదు సార్లు బ్రేకు వేస్తే అదే పోతుంది. పగలంతా కీచుమంటే మాత్రం ప్యాడ్లు చూపించు. నాకు దిగులు నువ్వు చెప్పిన ఆ రెండో చప్పుడు గురించే, 60 దాటాక వచ్చే గూఁమనే మోత. ఖాళీ రోడ్డు మీద ఒక్క క్షణం న్యూట్రల్‌లో వేసి చూడు. ఇంజిన్ వేగం పడిపోయినా మోత అలాగే ఉంటే అది చక్రాల వైపుది. రోడ్డు మారగానే మోత మారితే టైర్లది కావచ్చు. కుడివైపు వంపులో పెరిగి, ఎడమ వంపులో తగ్గితే ఎడమ చక్రం బేరింగ్ మీద అనుమానం పెట్టుకో, ఎందుకంటే కుడికి తిరిగేటప్పుడు బరువంతా ఎడమ చక్రాల మీదికి వస్తుంది. బేరింగ్ అయితే వాయిదా వేయకు, పిల్లలతో దూర ప్రయాణం అసలే వద్దు.

జాబ్ కార్డు కాపీలన్నీ ఒక ఫైలులో దాచు. వారంటీ ఉండగానే ఫిర్యాదు చేశావనడానికి అవే సాక్ష్యం. అప్పటికీ వాళ్లు వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. వచ్చే శనివారం నేను విశాఖ వస్తున్నాను. పొద్దున్నే భీమిలి రోడ్డు మీద నువ్వు నడుపు, నేను వెనుక సీటులో కూర్చుని ఆ మోత ఏ చక్రానిదో వింటాను.

నీ
మాధవ్