ఇంటి కాగితాల్లో వరద మట్టం కూడా ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మా గుణుపురంలో ఇల్లు కొనేవారు ముందు పట్టా చూస్తారు, ఆపైన ఈసీ తీయించి ఆస్తి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయేమో తెలుసుకుంటారు. వంశధార పొంగితే ఆ ఇంట్లోకి నీళ్లు ఎంత ఎత్తున వస్తాయో చెప్పే కాగితం మాత్రం ఒక్కటీ వారి చేతికి రాదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు ఏరు పొంగి ఊళ్లోకి వచ్చింది. ఆ తరువాత కొన్నాళ్లకు మా బావమరిది ఏటి వైపు ఒక ఇల్లు చూసి, నన్ను తోడు తీసుకువెళ్లాడు. గోడలకు కొత్తగా సున్నం వేశారు. వెనక గదిలో బియ్యం డబ్బా పక్కకు జరిపితే, దాని చాటున నడుము ఎత్తులో బురద చార కనిపించింది. ఇంట్లోకి నీళ్లు వచ్చాయా అని అడిగితే, "ఎప్పుడో ఒకసారి గడప తడిసింది బాబూ" అన్నాడు యజమాని. మేము బేరం మానుకున్నాం. అదే ఇంటిని తరువాత పొరుగూరి కుటుంబం ఒకటి కొన్నది. నేనైనా వెళ్లి వారికి చెప్పి ఉండవలసింది.

కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడే చెప్పాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను అంటుంది. అయితే ముంపు అటువంటి లోపమేనని తేల్చుకోవడానికి కొన్నవాడు కోర్టు మెట్లెక్కవలసిందే. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 2024 మార్చి నుంచి ఇల్లు అమ్మేవారు వరద చరిత్రను రాతపూర్వకంగా తెలపాలి. ఆ దేశంలోనే రెడ్‌ఫిన్ అనే ఇళ్ల అమ్మకాల వెబ్‌సైటు కొందరికి ముంపు స్థాయి చూపి, కొందరికి చూపకుండా పరిశీలించగా, ముంపు ఎక్కువగా ఉన్న ఇళ్లను చూస్తున్నవారు ఆ సంగతి తెలిశాక ముంపు తక్కువ ఉన్న ఇళ్ల వైపు మళ్లారు.

ధర పడిపోతే, ఉన్న ఒక్క ఇంటినే నమ్ముకున్న పేదవాడి గతి ఏమిటన్న భయం న్యాయమైనదే. అటువంటివారికి పునాది ఎత్తు పెంచుకోవడానికి ప్రభుత్వం సాయం చేయాలి. అంతేగాని ప్రమాదాన్ని దాచి ఇంకొక పేదవాడి నెత్తిన పెట్టడం పరిష్కారం కాదు. నీళ్లు ఎంతవరకు వస్తాయో తెలిసినవాడు కరెంటు మీటరునూ స్విచ్‌బోర్డులనూ ఆ మట్టానికి పైన పెట్టించుకుంటాడు, ధాన్యాన్నీ దస్తావేజులనూ అటక ఎక్కిస్తాడు.

హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో ఒడిశా వరద ముప్పు పటాలు తయారు చేసింది. అవి ఊరిదాకా వస్తాయి గాని గడపదాకా రావు. ఆ లోటు తీర్చవలసింది పురపాలక సంఘమే. 2018 నాటి నీటి మట్టాన్ని వీధివారీగా కరెంటు స్తంభాల మీద గుర్తు పెట్టించి, ఆ మట్టం తెలిపే కాగితాన్ని ఈసీతో పాటు ఒడియాలోనూ తెలుగులోనూ ఇప్పించాలి. ఆనాటి నీళ్లను కళ్లారా చూసిన పెద్దలు ఇంకా మా వీధుల్లో ఉన్నారు కనుక, వారిని వెంటబెట్టుకుని ఈ పని వచ్చే వానలకు ముందే మొదలుపెట్టాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా