ఆఠీను ఆసు బల్ల మీద పడ్డాక: మీ డైరెక్టర్ తీర్పుపై ఫిర్యాదు

పాలకొల్లు

టోర్నమెంట్ మేనేజర్ గారికి,

అయ్యా,

పోయిన నెల భీమవరంలో మీ కంపెనీ నడిపిన బ్రిడ్జి (నలుగురు రెండు జంటలుగా ఆడే పేకాట) పోటీలో నేనూ మా బావగారూ జంటగా ఆడాం. హాలు, భోజనాలు బాగున్నాయి. నా ఫిర్యాదంతా పదకొండో బోర్డు, అంటే పదకొండో పంపకం మీదే.

నాలుగు ఇస్పేట్ల కాంట్రాక్టుకు, అంటే ఇస్పేటు తురుపుగా పదమూడు ట్రిక్కుల్లో (నలుగురూ తలో ముక్క వేసే చుట్లలో) పది గెలుస్తామన్న ఒప్పందానికి, నేను డిక్లేరర్‌ని, మా జంట తరఫున ఆడేవాణ్ణి. మొదటి ముక్క (లీడ్) వేయాల్సింది నా ఎడమ పక్కాయన. ఆయన ఆలోచిస్తుండగానే కుడి పక్క పెద్దాయన పొరపాటున ఆఠీను ఆసు తెరిచి వేసేశారు. ఆయన్ని నేనేమీ అనను, పొద్దుట్నుంచీ ఆడుతుంటే ఎవరికైనా జరుగుతుంది. పోటీలో తీర్పులు చెప్పే డైరెక్టర్‌ని పిలిచాను. ఆయన వచ్చి, "ముక్క వెనక్కి తీసుకోండి, అసలాయన లీడ్ వేస్తారు" అనేసి పక్క బల్లకు వెళ్లిపోయారు.

ఎడమ పక్కాయన వేసింది ఆఠీనే. ఆసు, రాజు, రాణి మూడూ వాళ్లకే వెళ్లాయి. కళావరు ఆసు కూడా వాళ్లదే కావడంతో ఒక ట్రిక్కు తగ్గి కాంట్రాక్టు పోయింది.

2017 నాటి డూప్లికేట్ బ్రిడ్జి చట్టాల్లో 54వది చూడండి. ఇలాంటప్పుడు డిక్లేరర్‌కి ఐదు దారులున్నాయి. ఆ లీడ్‌నే ఒప్పుకుని, డమ్మీ (తన ముక్కలన్నీ బల్ల మీద పరిచేసే నా జోడీ) ముక్కలు పరిచాక రెండో ముక్క నేను వేయొచ్చు. లేదా నా ముక్కలు పరిచి నేనే డమ్మీ కావొచ్చు. ఒప్పుకోకపోతే ఆ ఆసు పెనాల్టీ కార్డుగా (వీలు రాగానే వేసి తీరాల్సిన ముక్కగా) బల్ల మీదే ఉంటుంది, అసలాయన ఇష్టమొచ్చింది వేస్తారు. అదీ కాదంటే ఆయన్ని ఆఠీనే వేయమనొచ్చు, ఆఠీను వేయొద్దనీ అనొచ్చు. అప్పుడు మాత్రమే ఆసు చేతిలోకి వెళ్తుంది. నేనైతే వేయొద్దనేవాణ్ణి. తురుపులు లాగేసి, డమ్మీలోని డైమన్ల మీద నా ఆఠీన్లు పారేసుకునేవాణ్ణి. ఈ ఐదింటిలో ఒక్కటీ నాకు చెప్పలేదు. చెప్పడం డైరెక్టర్ బాధ్యత, ఎంచుకోవడం నా హక్కు.

స్కోర్లు గోడకు అంటించిన పది నిమిషాల్లో బావగారూ నేనూ కలిసి వెళ్లి అప్పీలు అడిగాం. చట్టం ఇచ్చే గడువు 30 నిమిషాలు. "ఒకసారి చెప్పాక మార్చం" అన్నారు. నాకు ఎక్కువ బాధ కలిగింది అక్కడే. డైరెక్టరే పొరబడితే స్కోరు సరిచేయాలనీ, అప్పుడు రెండు జంటల్నీ తప్పు చేయనివాళ్లుగానే చూడాలనీ 82వ చట్టం చెబుతోంది. అంటే మాకు న్యాయం చేయడానికి ఆ పెద్దాయన జంటకు అన్యాయం చేయనక్కర్లేదు. ఈ చట్టాలు ఉన్నది శిక్షించడానికి కాదు, నష్టాన్ని సరిచేయడానికి.

సాయంత్రాలు మా వీధి పిల్లలు ఎనిమిదిమందికి బ్రిడ్జి నేర్పుతున్నాను. మన వైపు పేక ముక్కలంటేనే తల్లిదండ్రులకు భయం. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జిలో మనవాళ్లు ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ బంగారు పతకం తెచ్చారని చెప్పి, ఇంటింటికీ తిరిగి ఒప్పించాను. ఆ పిల్లల్లో ఇద్దరు ఆ రోజు నా వెనక కూర్చుని చూశారు. "మాస్టారూ, మీరు చెప్పిన రూల్ ఇది కాదు కదండీ" అని దారంతా అడుగుతూనే ఉన్నారు.

ఆ బోర్డు స్కోరు సరిచేసి రాతపూర్వకంగా తెలియజేయండి. ఇకమీదట మీ డైరెక్టర్లు చట్టాల పుస్తకం చేతిలో పట్టుకుని బల్ల దగ్గరికి రావాలి, అందులోది చదివి చెప్పాలి. మీ జవాబు రాగానే పిల్లలకు చదివి వినిపిస్తాను.

ఇట్లు,
పదకొండో బోర్డు డిక్లేరర్