ఏ ప్లాస్టిక్కో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఒడ్డుకు కొట్టుకొచ్చిన తిమింగలం కడుపులో ప్లాస్టిక్ దొరికిందన్న వార్త మీ పత్రికలో చదివాను. ఎన్ని కిలోలో రాశారు. పక్కన సీసా మూతల బొమ్మ వేశారు. లోపల దొరికినవి నిజంగా మూతలేనా, సంచులా, వల ముక్కలా అన్నది ఎంత వెతికినా కనిపించలేదు. నేను పంతొమ్మిదేళ్లు ఒక ప్రయోగశాలలో సముద్రపు నీటిని, చేపల పేగులను వడగట్టి, మిగిలిన ముక్కలను పట్టకారుతో ఏరుతూ గడిపాను. అందుకే ఈ ఉత్తరం.

పిల్లవాడు ఏదో మాత్ర మింగాడని పరుగెత్తుకొస్తే వైద్యుడు మొదట అడిగేది ఏ మాత్ర అనే కదా. ఇక్కడా అంతే. 2018లో థాయిలాండ్‌లో చనిపోయిన పైలట్ తిమింగలం కడుపులో 80 సంచులు ఉన్నాయని వార్తల్లో స్పష్టంగా వచ్చింది. చదివినవారికి తప్పు ఎక్కడుందో వెంటనే తెలిసింది. అదే ఏడాది పసిఫిక్ మహాసముద్రంలోని పెద్ద చెత్త తెప్ప మీద వెలువడిన అధ్యయనం, అక్కడి చెత్త బరువులో 46 శాతం చేపల వలలేనని తేల్చింది. సంచులు నిషేధిస్తే ఆ వలల బరువు ఒక్క కిలో కూడా తగ్గదు. 2021లో కొలంబో దగ్గర ఎక్స్‌ప్రెస్ పెర్ల్ అనే నౌక తగలబడినప్పుడు సుమారు 1,680 టన్నుల ముడి ప్లాస్టిక్ గుళికలు సముద్రం పాలయ్యాయి. గుళికలని గుర్తించారు కాబట్టే జవాబు ఎవరిని అడగాలో తెలిసింది.

సీసా మూతల బొమ్మ వేశారు కాబట్టి వాటి సంగతే చెబుతాను. నీళ్ల సీసాను పెట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. మూత పాలిథిన్‌దో పాలీప్రొపిలీన్‌దో అయి ఉంటుంది. లీటరు సముద్రపు నీరు దాదాపు 1,025 గ్రాములు తూగుతుంది. పాలిథిన్, పాలీప్రొపిలీన్ అంతకన్నా తేలిక; పెట్, నైలాన్, పీవీసీ అంతకన్నా బరువు. సీసాలోని గాలి పోగానే అది మునుగుతుంది, మూత మాత్రం తేలుతూ పోతుంది. ఒకే చేతిలోంచి జారినా రెండింటి దారులు వేరు. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో ఆల్బట్రాస్ అనే సముద్ర పక్షుల కడుపుల్లో మూతలు అన్నేసి కనిపించడానికి ఇదొక కారణం. మరియానా అగాధంలో ఆరు కిలోమీటర్ల లోతున దొరికిన రొయ్యలాంటి ప్రాణి కడుపులో తేలింది పెట్ పోగు. 2020లో ఆ జీవికి పేరు పెట్టినప్పుడు ‘యూరిథీనెస్ ప్లాస్టికస్’ అన్నారు. ఇంకెవరూ పేరు పెట్టకముందే మన చెత్త పెట్టేసింది!

గుర్తించడం ఎలాగన్న ప్రశ్న వస్తుంది. మొదట కంటితో ఆకారం చూస్తాము: పెళుసు ముక్కా, పల్చటి పొరా, పోగా, థర్మోకోల్ నురుగా, గుళికా అని. అనుమానం వస్తే కాల్చిన సూది ఆనిస్తాము. ప్లాస్టిక్ అయితే మెత్తబడుతుంది లేదా ముడుచుకుంటుంది, నూలు అయితే మాడుతుంది. చివరికి పరారుణ కాంతి యంత్రం. ప్రతి ప్లాస్టిక్ ఆ కాంతిని తనదైన చోట్ల పీల్చుకుంటుంది, దాన్ని యంత్రం ఎత్తుపల్లాల గీతగా గీస్తుంది, ఆ గీతను తెలిసిన ప్లాస్టిక్‌ల గీతలతో పోల్చి చూస్తాము. ఎండకు ఎండిన పాలిథిన్‌లో ఆక్సిజన్ చేరి గీతలో కొత్త శిఖరం లేస్తుంది కాబట్టి పోలిక తగ్గుతుంది. డెబ్బై శాతం పోలిక లేకపోతే మేము లెక్కలో కలిపేవాళ్లం కాదు. ఈ పని విసుగు పుట్టిస్తుంది. ఒక్క చేపకు పూటంతా పట్టిన రోజులున్నాయి.

పొరపాట్లూ జరుగుతాయి, నాది ఒకటి చెబుతాను. ఒకసారి ప్రతి చేపలోనూ నీలి పోగులు కనబడి, పెద్ద విషయమే దొరికిందని రెండు రోజులు సంబరపడ్డాను. తీరా చూస్తే బల్లమీద పక్కనే తెరచి ఉంచిన ఖాళీ వడపోత కాగితం మీదా అవే పోగులు. అవి నేను వేసుకున్న ఆక్రిలిక్ స్వెట్టర్‌వి. సముద్రంలోని పోగులన్నీ ప్లాస్టిక్ కూడా కావు. ఆరు సముద్ర ప్రాంతాల్లో సేకరించిన పోగులను పరీక్షించిన 2020 నాటి అధ్యయనంలో కృత్రిమమైనవి 8.2 శాతమే, మిగిలినవి నూలు, ఉన్ని వంటివి. అలాగే ‘నైలాన్ దొరకలేదు’ అన్న మాటనూ వెంటనే నమ్మకూడదు. మాంసాన్ని కరిగించడానికి నత్రికామ్లం వాడి ఉంటే నైలానూ అందులోనే కరిగిపోయి ఉండవచ్చు. 

కాబట్టి మీ విలేకరులకు ఒక మనవి. ఎన్ని ముక్కలో రాసేటప్పుడు ఏ వస్తువులో, వీలైతే ఏ ప్లాస్టిక్కో అడిగి రాయండి. మైక్రోప్లాస్టిక్ లెక్కలైతే ఏ వలతో పట్టారో అడగండి. అయిదు మిల్లీమీటర్ల లోపువన్నీ ఆ పేరు కిందికే వస్తాయి, కానీ మామూలుగా వాడే వల కంత సుమారు 0.33 మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్నవి చాలావరకు జారిపోతాయి, లెక్కకే రావు.

ఆ తిమింగలాన్ని కోసి చూసినవారి దగ్గర వస్తువుల పట్టిక ఉండే ఉంటుంది. సంపాదించి వేయగలరా? అందులో సీసా మూతలే ఎక్కువగా ఉంటే బొమ్మ గురించిన నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.

— విశ్రాంత ప్రయోగశాల ఉద్యోగిని